దిబ్బ మీద నిలిపిన బండి

పోలేరయ్య తాగి బండిని సముద్రంలోకి తోలినాడని, ఇంజను నిండా ఉప్పునీళ్ళు పోయి లోపలంతా తినేసినాయని, అందుకే అది అంత పొగ కక్కుతా ఉండాదని మా పాళెంలో చెప్పుకునేవాళ్ళు. చెప్పే మనిషిని బట్టి నీళ్ళ లోతు పెరిగేది. ఒకరు చక్రాలు మునిగాయంటే ఇంకొకరు అద్దాల దాకా వచ్చాయనేవాళ్ళు. ఐసు తెచ్చే అతనైతే బానెట్టు ఎత్తితే లోపల రెండు పీతలు పాకుతూ కనిపించాయని కోట ఊరి దాకా చెప్పుకుంటూ పోయాడు.

పోలేరయ్య మా నాయనకు అన్న. నాకు పెద్దనాయన. ఎనిమిదో తరగతిలో బడి మానేసి అమ్మతో చేపల టబ్బుల వెంట పోవడం మొదలుపెట్టినప్పటి నుంచి నేను ఆయన బండి వెనక కూర్చుని వాకాడు మీదుగా గూడూరు మార్కెట్టుకు పోతున్నాను. కాబట్టి ఆ పొగ నాకు కొత్త కాదు. మా తలగుడ్డల్లో, చీరల్లో, తిరుగు ప్రయాణంలో తినే ఇడ్లీల్లో కూడా అది ఉండేది.

పెద్దనాయనకు సముద్రం పడదు. చేపల వేట చేసుకుని బతికే ఇంట్లో పుట్టినా, బోటు అలల మీదికి ఎక్కిందో లేదో కడుపులోది బయటికి వచ్చేసేది. చిన్నప్పుడు ఆయన్ని బోటు ఎక్కించడానికి మా తాత చేయని పని లేదట. నడుముకు తాయెత్తు కట్టించాడు, గంగమ్మకు కోడిని కోశాడు. చివరికి వదిలేశాడు. అప్పటి నుంచి ఊళ్ళో ఆయన పేరు ఒడ్డు పోలేరయ్య. తోటివాళ్ళు వేటకు పోతుంటే ఈయన ఐసు లారీకి క్లీనరుగా పోయాడు, అక్కడే స్టీరింగు పట్టుకోవడం నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళకు ఒక తెల్ల పికప్పు కొన్నాడు. ముందు అద్దం మీద పచ్చ అక్షరాలతో గంగమ్మ తల్లి దీవెన అని రాయించాడు. వేటకు పోలేనివాడు ఊరి వేటనంతా మార్కెట్టుకు చేర్చే మనిషి అయ్యాడు. బండి కడిగేటప్పుడు ఆయన నడుము నిటారుగా ఉండేదని పెద్దమ్మ అంకాలమ్మ అంటుంది.

ఆ ఇంజను గురించి ఆయన ఒకే మాట చెప్పేవాడు. "సర్వీసుకీ సర్వీసుకీ మధ్యలో ఒక చుక్క ఆయిలు అడగదు. ఇంతవరకు ఒక్క నట్టు విప్పలా." తలుపుల కింద రేకు ఉప్పుగాలికి చిల్లులు పడినా ఇంజను మాత్రం గడియారం లాగా తిరిగేది. అది మేము కూడా చూసినదే.

రెండేళ్ళ కిందట కార్తీక మాసంలో వాయుగుండం పట్టింది. బోట్లన్నీ దిబ్బ మీదికి లాగుతున్నారు. సుధాకర్ ఫైబరు బోటు ఒక్కటే మోటారు ఆగిపోయి అలల్లో అడ్డం తిరిగింది. లాగడానికి ఆ రోజు ఊళ్ళో ట్రాక్టరు లేదు. పెద్దనాయన ఆ మధ్యాహ్నం ఒక కర్మాంతరానికి పోయి, అక్కడ పోసింది తాగి, అరుగు మీద పడుకుని ఉన్నాడు. ఆయన్ని లేపి తాళం చేతిలో పెట్టారు. బోటు ఒడ్డెక్కింది. బండి తడి ఇసుకలో దిగబడి ఆగింది, అలలు వచ్చి దాన్ని కొట్టాయి. నలుగురూ తోసి పైకి తెచ్చేసరికి పెద్దనాయన ఇసుక మీద బోర్లా పడి, ఆడవాళ్ళందరూ చూస్తుండగా వాంతి చేసుకున్నాడు. లుంగీ కూడా సరిగా లేదు. అంకాలమ్మ పెద్దమ్మ తన పైట చెంగు తీసి కప్పింది.

తెల్లారి లేచేసరికి ఆయనకు ఏమీ గుర్తు లేదు. ఊరు చెప్పినదే ఆయనకు తెలిసింది. ఒడ్డు పోలేరయ్య సముద్రంలోకి దిగింది ఆ ఒక్కరోజే, అదీ బండితో అని నవ్వారు. ఆయన ఆ రోజు నుంచి తాగలేదు. అది ఎవరూ చెప్పుకోలేదు.

తర్వాత కొన్నాళ్ళకు బండి సెల్ఫు పోయింది. తాళం తిప్పితే టక్కుమని ఊరుకునేది. గూడూరు తీసుకుపోతే మెకానిక్కు ఎప్పటి నుంచి అని అడుగుతాడు, నీళ్ళల్లో దించావా అని అడుగుతాడు, ఇంజను విప్పాలంటాడు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పే ధైర్యం లేక పెద్దనాయన మెకానిక్కు దగ్గరికి పోనే లేదు. సర్వీసుకు పోవడం కూడా మానేసి, ఆయిలు తనే మార్చుకునేవాడు. సెల్ఫుకు బదులు ఇంకొక దారి చూసుకున్నాడు. మా ఇంటి ముందు రోడ్డు ఇసుక దిబ్బ మీది నుంచి ఊళ్ళోకి దిగుతుంది. ఆ దిబ్బ నెత్తిన, సరుగుడు చెట్ల పక్కన, బండి మూతి కిందికి పెట్టి నిలిపేవాడు. పొద్దున బ్రేకు వదిలితే బండి దొర్లేది, దొర్లుతుండగా గేరు వేస్తే ఇంజను అందుకునేది. చక్రాల కింద పెట్టే రాళ్ళు రెండు అక్కడే ఉండేవి.

పొగ మొదలైంది ఆ తర్వాతే.

ముందు సన్నగా వచ్చింది. తర్వాత నీలంగా, చిక్కగా, కాలిన నూనె వాసనతో. పెద్దనాయన దాన్ని చూసి ఏమనుకున్నాడో చెప్పనక్కర్లేదు. ఊరు చెప్పిన ఉప్పునీళ్ళు ఇంజనును లోపల్నుంచి తింటున్నాయనుకున్నాడు. తను తాగిన తాగుడు బండికి తగిలిందనుకున్నాడు. ఇక ఆ ఇంజనును జబ్బు మనిషిని చూసుకున్నట్టు చూసుకున్నాడు. రోజూ తెల్లవారుజామున, నేను వాకిట్లో కళ్ళాపి చల్లే వేళకు, ఆయన దిబ్బ మీద బానెట్టు ఎత్తి ఉండేవాడు. ఆయిలు గేజి అని ఒక పొడుగాటి ఇనుప పుల్ల ఉంటుంది, దాని చివర రెండు గీతలు. ఆయిలు ఆ రెండు గీతల మధ్య ఉండాలి. పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి, తీసి, సెల్‌ఫోను వెలుగులో చూసేవాడు. ఆయిలు కింది గీతకు కూడా అందేది కాదు. ఆయన తల ఊపుకుని, క్యాను మూత తీసి, పై గీత దాకా వచ్చేటట్టు పోసేవాడు. మరుసటి రోజు మళ్ళీ అంతే.

ఆ క్యాన్లను ఆయన కోటలో కొని గోనెసంచిలో చుట్టి తెచ్చేవాడు. బండికి అంత ఆయిలు పోస్తున్నాడని తెలిస్తే ఇంజను పోయిందని ఒప్పుకున్నట్టే అని ఆయన భయం. గోనెసంచిలో సీసాలున్నాయని ఊరు అనుకుంది. తాగుడు మానినవాడి మీద తాగుబోతు అన్న పేరు ఇంకా గట్టిపడింది. ఆ సంచి పట్టుకుని మా ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు ఆయన నా వైపు కూడా చూసేవాడు కాదు.

ఊళ్ళోకి వస్తే ఒకటో గేరులో పోయేవాడు, పొగ తక్కువ వస్తుందని. అయినా దండేల మీది బట్టలు లాక్కోవడానికి ఆడవాళ్ళు బయటికి వచ్చేవాళ్ళు. ఆయన అద్దంలో వెనక్కి చూస్తూనే ఉండేవాడు. ముందు రోడ్డు కంటే వెనక పొగనే ఎక్కువ చూశాడు ఆ రెండేళ్ళు. పెళ్ళికి పిలిస్తే బండి ఊరి బయట పెట్టి నడిచి వచ్చేవాడు.

మార్కెట్టులో ఇంజను ఆపకుండా వదిలేసేవాడు. ఎప్పుడైనా ఆగిపోతే మేమే దిగి తోసేవాళ్ళం. తడి చీరలు ఎగ్గట్టుకుని పది మంది ఆడవాళ్ళు బండి తోస్తుంటే కొట్లవాళ్ళు ఊరుకుంటారా.

"పోలేరయ్యన్నా, ఇది డీజిలు బండా, ఆడోళ్ళ బండా?"

చెంచమ్మవ్వ ఊరుకునే మనిషి కాదు. మా ఊళ్ళో చేపలమ్మే ఆడవాళ్ళకు ఆమే పెద్ద. "నీ అంగడి కూడా తోయమంటావా అబ్బోడా? పోయి కాలవలో పడతాది" అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు, మేమూ నవ్వేవాళ్ళం. స్టీరింగు ముందు కూర్చున్న ఆయన మెడ మాత్రం కదిలేది కాదు. చెవులు ఎర్రగా కనిపించేవి.

ఈ ఏడు వేట నిషేధం అయిపోవచ్చింది. నిషేధం ఎత్తేశాక ఊరి చేపలు ఏ బండిలో పోవాలో మా కాపులు, అంటే కులపెద్దలు, కూర్చుని తేలుస్తారు. ఒకసారి మాట అనుకుంటే ఏడాదంతా ఆ బండే. ఇన్నేళ్ళూ అడగకుండానే అది పెద్దనాయన బండి. ఈసారి చెంచమ్మవ్వే లేచి నిలబడింది.

"నాకు పోలేరయ్య మీద కోపం లేదు. వాడు నా కళ్ళ ముందర పెరిగినోడు. కానీ ఎండాకాలంలో దారిలో బండి ఆగిపోతే చేప ఉంటాదా? నా మోకాళ్ళకి తోసే ఓపిక లేదు. చిల్లకూరు మధుబాబు బండి చూడండి, కొత్తది."

అందరూ పెద్దనాయన వైపు చూశారు. ఆయన నేల చూశాడు. ఆ బండి పోతే ఆయనకు ఇంకో పని రాదు. బోటు ఎక్కలేడు, వల అల్లినా కూలికి చాలదు. అంతకంటే, మళ్ళీ ఒడ్డు పోలేరయ్య అవుతాడు. ఒక్క మాట అంటే వినడానికి పెద్దకాపు ఎదురుచూశాడు.

"సరే, మధుబాబుని రమ్మందాం" అన్నాడు పెద్దకాపు. "నీ బండి తెచ్చి షెల్టరు ముందర పెట్టు పోలేరయ్యా. పనికొస్తాదో లేదో నలుగురిలో తేలిపోతాది. ఎనక మాటలొద్దు."

తుఫాను షెల్టరు ముందు సిమెంటు గచ్చు ఉంటుంది, మేము చేపలు ఎండబెట్టేది అక్కడే. ఊళ్ళో ఎత్తుపల్లాలు లేని చోటు అదొక్కటే. మర్నాడు సాయంత్రం పెద్దనాయన బండిని దిబ్బ మీది నుంచి దొర్లించి, గేరు వేయకుండానే, ఆ గచ్చు మీద నిలిపాడు. రాత్రంతా అది అక్కడే ఉంది.

పొద్దున మధుబాబు వచ్చాడు. నల్లద్దాలు పెట్టుకున్న కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు. పెద్దనాయనను చూసి "బాగుండావా మామా" అన్నాడు. పెద్దనాయన చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు, తల దువ్వుకున్నాడు. తాళం తీసి పెద్దకాపు చేతిలో పెట్టాడు.

"ఇంజను చూడబన్లేదు" అన్నాడు. "ఆ రోజు తాగినాను. నిజమే. సముద్రంలోకి తోలినాను. ఇంజనులోకి ఉప్పునీళ్ళు పోయినాయి. అప్పట్నుంచి రోజూ ఆయిలు తాగతా ఉండాది. మిమ్మల్ని ఇన్నాళ్ళు ఈ పొగలో కూర్చోబెట్టినాను. నాదే తప్పు. ఇంక ఎవురూ దీన్ని ఎక్కొద్దు."

అంకాలమ్మ పెద్దమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదేమో అనిపించింది నాకు. సుధాకర్ బీడీ పారేసి ఇంకో వైపు తిరిగాడు.

మధుబాబుకు ఆ కథతో పని లేదు. పాత సామానుకి ఎంత వస్తుందో చూద్దామని బానెట్టు ఎత్తాడు. గేజి లాగి చూశాడు. తుడిచి మళ్ళీ చూశాడు.

"ఏంది మామా ఇది? ఇంజనులో పోసినావా, తొట్టి నింపినావా?"

పెద్దనాయన ఎగతాళి అనుకున్నాడు. "చెప్పినా గదా, తాగేస్తాదని. నిన్న పొద్దునే పోసి కోట దాకా పోయొచ్చినా. ఇప్పుడు అడుగంటి ఉంటాది."

"అడుగంటడం కాదు సామీ. రా, నువ్వే చూడు."

పుల్ల మీద ఆయిలు పై గీత దాటి, ఆ పైన చాలా దూరం ఎక్కి, నల్లగా మెరుస్తోంది. పెద్దనాయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తలకిందులుగా చూస్తున్నానేమో అనుకున్నట్టు ఇంకోసారి తిప్పాడు.

"ఇది అబద్ధం" అన్నాడు. "రోజూ చూస్తా ఉండా నేను. ఎప్పుడూ కింది గీతకి కూడా రాలా."

"నీ కళ్ళు చూపించుకో మామా."

"నా కళ్ళు బాగుండాయి."

ఇద్దరి గొంతులూ పెరుగుతున్నాయి. నేను పెద్దమ్మ వెనక నిలబడి ఉన్నాను. అంత మందిలో నాకు మాట రాదు. ఆమె చెవిలో అన్నాను, "పెద్దమ్మా, పెద్దనాయన రోజూ చూసేది దిబ్బ మీద గదా. మూతి కిందికి పెట్టి."

పెద్దమ్మ నా వైపు తిరిగి చూసింది. తర్వాత గట్టిగా చెప్పింది, "బండిని దిబ్బ మీద పెట్టి చూడండి. ఆయన చూసేది ఆడ."

మగవాళ్ళందరూ కలిసి బండిని దిబ్బ మీదికి తోశారు. మూతి కిందికి తిప్పి రాళ్ళు పెట్టారు. ఒక బీడీ కాలే సేపు ఆగి గేజి లాగారు. ఆయిలు కింది గీతకు అందలేదు. మళ్ళీ గచ్చు మీదికి దించి లాగారు. పై గీత మీద ఎక్కడికో పోయింది. చెంచమ్మవ్వ తన టబ్బులో నీళ్ళు పోసి, ఒక పక్కకి వంచి, అందరికీ చూపించింది.

"చూడండ్రా. నీళ్ళు ముందరికి పోతే ఎనక పుల్ల ముంచితే ఏం తగలతాది? ఇది తెలవడానికి రెండేళ్ళా మనకి?"

మధుబాబు గచ్చు మీద కూర్చుని చెప్పాడు. ఆయిలు ఎక్కువైతే లోపల తిరిగే ఇనుము దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది, ఆ నురుగు గాలి పైపులోకి పోయి కాలుతుంది, నీలం పొగ అదే. ఎక్కువైనదాంట్లో కొంత కాలేసరికి మళ్ళీ తెల్లారేది, పెద్దనాయన మళ్ళీ దిబ్బ మీద చూసి మళ్ళీ పోసేవాడు. ఇంజను ఆయిలు తాగలేదు. ఆయనే తాపించాడు. సెల్ఫు బాగుండి ఉంటే బండి దిబ్బ ఎక్కేది కాదు. మెకానిక్కు దగ్గరికి పోయి ఉంటే సెల్ఫు బాగయ్యేది. పోకపోవడానికి కారణం అక్కడున్న అందరికీ తెలుసు.

మధుబాబు బండి కిందికి దూరి నట్టు వదులు చేశాడు. చెంచమ్మవ్వ టబ్బు కిందే పెట్టారు. ఎక్కువైన ఆయిలు దారగా దిగుతుంటే పెద్దనాయన దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. అది చూస్తుంటే ఆయన ముఖంలో సంతోషం ఏమీ రాలేదు. ఇంకా ఎక్కువ సిగ్గుపడ్డట్టు కనిపించాడు. తప్పు చేసినందుకు పడిన సిగ్గు ఒకటి, అది తప్పే కాదని తెలిసి, ఇన్నాళ్ళూ దాన్ని మోసినందుకు పడే సిగ్గు ఇంకొకటి.

"నా టబ్బు కడిగి ఇయ్యి" అంది చెంచమ్మవ్వ. "రేపు నిషేధం ఎత్తేస్తే చేపలు పొయ్యాల దాంట్లో."

"యాడికి పోతావవ్వా రేపు?" అన్నాడు మధుబాబు.

"యాడికేంది? గూడూరికి. వీడి బండిలో. నువ్వు వచ్చినందుకు రెండు ఎండు వంజరాలు తీసకపో నాయనా."

మధుబాబు నవ్వాడు. పోయే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "మామా, ముందర చక్రాల స్ప్రింగు కమాన్లు బాగుండాయి. ఎనక కమాన్లే తుప్పుకి పోయినాయి. అవి మార్చు" అన్నాడు. పెద్దనాయన తల ఊపాడు. ఆ మాట అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

నిషేధం ఎత్తేసిన రోజు బండికి కొత్త సెల్ఫు ఉంది. తాళం తిప్పితే ఒక్కసారికే అందుకుంది. మొదటి రెండు సార్లు పోయి వచ్చేదాకా పైపులో మిగిలిన నూనెకు కొంచెం పొగ వచ్చింది, తర్వాత ఏమీ లేదు. ఆడవాళ్ళు దండేల దగ్గరికి అలవాటు కొద్దీ వచ్చి, ఊరికే నిలబడి, లోపలికి పోయారు. మార్కెట్టులో కొట్లవాళ్ళు అడిగారు, "ఏమన్నా, ఇంజను విప్పి బోరు చేయించినావా?" పెద్దనాయన లేదన్నాడు. ఆయన ఇప్పటికీ వెనక అద్దం చూస్తూనే బండి నడుపుతాడు. స్వర్ణముఖి వంతెన మీద మెల్లగా పోతాడు. గేజి చూడాలంటే బండిని షెల్టరు గచ్చు మీదికి తెస్తాడు, చూసేటప్పుడు ఎవరైనా దారిన పోతుంటే పుల్ల దాచుకుంటాడు. పుల్ల మీద ఆయిలు రెండు గీతల మధ్య కదలకుండా ఉంటుంది. రోజూ అంతే ఉంటుంది.

కథ మాత్రం పోలేదు. తాగి సముద్రంలోకి తోలాడన్నది ఇంకా చెప్పుకుంటారు, చివర పొగ ముక్క ఒక్కటి తీసేసి. ఆయన కూడా దాన్ని కాదనడు. ఆయనకు ఆ రోజు గుర్తు లేదు గదా.

మొన్న సుధాకర్ బోటును ట్రాక్టరుతో లాగుతుంటే నేను, పెద్దమ్మ ఒడ్డున కూర్చుని చూస్తున్నాం. బోటుకు తాడు కట్టారు. రెండో కొస ట్రాక్టరు వెనక కొక్కేనికి వేశారు. ట్రాక్టరు వెనక చక్రాలు నురుగులో, ముందు చక్రాలు పొడి ఇసుకలో ఉన్నాయి. ఒడ్డున బోట్లు లాగేది ఎప్పుడూ ఇట్లాగే, ఇంకోలా కుదరదు. పెద్దమ్మ చాలాసేపు ఆ తాడునే చూసింది.

ఆ రోజు కూడా తాడు కట్టింది బండి వెనక కొక్కేనికే. నీళ్ళలో ఉన్నది వెనక చక్రాలు, మధుబాబు తుప్పు పట్టాయన్న ఆ వెనక కమాన్లు. ఇంజను ఉన్న మూతి పైన, ఊరి వైపు ఉంది.